కంప్యూటరు నిద్ర లేవడానికి ఇంతసేపా?

కాజీపేట నుంచి మహబూబాబాదు వైపు ఎప్పుడైనా రైల్లో వెళ్ళారా? ఒక్కోసారి స్టేషను కళ్ళ ముందే కనిపిస్తూ ఉంటుంది. బండి మాత్రం సిగ్నలు దగ్గర ఆగిపోతుంది. ఇంజను చెడిపోలేదు. డ్రైవరు నిద్రపోలేదు. పట్టాలూ బాగానే ఉన్నాయి. మరి బండి ఎందుకు ఆగింది? "ముందు దారి ఖాళీగా ఉంది" అన్న కబురు ఇంకా రాలేదు. అందుకని ఆగింది. ఈ సంగతి తెలియని ప్రయాణికుడు "ఇంజను పాడైంది కాబోలు" అని గొణుక్కుంటాడు.

కంప్యూటరు విషయంలో కూడా మనం తరచు ఆ ప్రయాణికుడిలాగే తొందరపడుతూ ఉంటాం. ఎలాగో చూద్దాం.

జనగామ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల ఉందనుకోండి. అక్కడ పీరియడు 45 నిమిషాలు. నిన్న మొన్నటిదాకా కంప్యూటరు మీట నొక్కితే అర నిమిషంలో తెర సిద్ధమయ్యేది. ఈ వారం నాలుగు నిమిషాలు పడుతోంది. పిల్లలు తలా ఒక మాట అన్నారు. "వైరస్ పట్టింది" అన్నాడు ఒకడు. "పాతబడిపోయింది సార్, కొత్తది కొనాలి" అన్నాడు ఇంకొకడు. "అంతా చెరిపేసి మళ్ళీ ఫార్మాటు చేస్తే సరి" అన్నాడు మూడోవాడు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం ఒక ప్రశ్న వేసింది. "సార్, పోయిన వారానికీ ఈ వారానికీ మధ్య ఏం మారింది?"

ఇదే అసలైన ప్రశ్న. వైద్యుడు రోగిని మొదట అడిగేది కూడా ఇదే. మాష్టారు ఆలోచించి చెప్పారు: "సోమవారం నుంచి ఈ బయటి హార్డు డిస్కును తీయకుండా తగిలించే ఉంచుతున్నాం." ఆ డిస్కులో ఏడాది పొడుగునా కూర్చిన పాఠాల వీడియోలు, సైన్సు ప్రదర్శన ఫోటోలు, పదో తరగతి అభ్యాస పత్రాలు ఉన్నాయి. వాటికి ఇంకో నకలు ఎక్కడా లేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

తనను తానే లేపుకోవడం

కంప్యూటరు మీట నొక్కగానే ఏం జరుగుతుందో ముందుగా తెలుసుకోవాలి. కంప్యూటరు చేసే ప్రతి పనికీ ఒక ప్రోగ్రాము కావాలి. డిస్కు మీద ఉన్న ప్రోగ్రామును చదివి లోపలికి తెచ్చుకోవడం కూడా ఒక పనే. దానికీ ప్రోగ్రాము కావాలి! మరి ఆ మొదటి ప్రోగ్రామును ఎవరు తెస్తారు?

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి. అంత విద్యుత్తు తయారు చేసే కేంద్రాన్ని మొదలు పెట్టాలన్నా విద్యుత్తు కావాలి. బొగ్గును పిండి చేసే మరలు, గాలి ఊదే పంకాలు, నీటిని తోడే పంపులు తిరిగితేనే కదా బాయిలరులో ఆవిరి పుట్టేది! అందుకని మొదట గ్రిడ్డు నుంచి కొంత విద్యుత్తు తీసుకుని పని ప్రారంభిస్తారు. తరువాత కేంద్రం తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది.

కంప్యూటరులో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. కరెంటు పోయినా చెరిగిపోని ఒక చిన్న చిప్పులో మొదటి ప్రోగ్రామును ముందుగానే రాసి ఉంచుతారు. పాత కంప్యూటర్లలో దీని పేరు బయాస్. ఇప్పటివాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త పద్ధతి ఉంది. ఇంగ్లీషులో బూటు పైభాగాన ఉండే పట్టీని పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం గురించి ఒక పాత నానుడి ఉంది. అసాధ్యమైన ఆ పనిని కంప్యూటరు చేస్తున్నట్టు కనిపిస్తుంది కనుక, ఈ ప్రారంభానికి 'బూటింగ్' అన్న పేరు వచ్చింది.

దారిలో మూడు మజిలీలు

ఈ ప్రారంభం మూడు మజిలీలలో సాగుతుంది.

మొదటి మజిలీలో చిప్పులోని ప్రోగ్రాము లేచి జ్ఞాపకశక్తి, కీబోర్డు, తెర వంటివి సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. తెర మీద తయారీదారు గుర్తు కనిపించేది ఈ సమయంలోనే. తరువాత "ఆపరేటింగ్ సిస్టం ఏ డిస్కులో ఉంది?" అని వెదుకుతుంది. ఏ డిస్కును ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అన్నది ఒక వరుసలో రాసి ఉంటుంది. దీన్ని బూటు వరుస అంటారు.

రెండో మజిలీలో ఆపరేటింగ్ సిస్టం డిస్కు నుంచి లోపలికి వస్తుంది. విండోస్ అయితే చుక్కలు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తాయి. ఈ దశలోనే అది తగిలించి ఉన్న పరికరాలన్నింటినీ పేరు పేరునా పలకరించి, ఒక్కొక్క డిస్కుకూ ఒక అక్షరం కేటాయిస్తుంది.

మూడో మజిలీలో బల్లపరుపు తెర కనిపిస్తుంది. కాని పని ఇంకా అయిపోలేదు. వైరస్‌లను వెదికే ప్రోగ్రాము, ఫైళ్ళ పట్టిక తయారు చేసే ప్రోగ్రాము వంటివి వెనకాల డిస్కులను తిరగేస్తూ ఉంటాయి. మనం మౌస్ కదిపితే తెర బద్ధకంగా బదులిస్తుంది.

ఈ మూడింటిలో ఏ మజిలీలోనైనా కంప్యూటరు ఒక పరికరాన్ని "ఉన్నావా?" అని అడిగి, జవాబు కోసం కాచుకోవలసి రావచ్చు. ఇక్కడ రైలుకూ కంప్యూటరుకూ ఒక తేడా ఉంది. స్టేషను మాష్టరు జవాబు రానంతవరకు బండిని వదలడు. ప్రాణాలతో పని కనుక అదే న్యాయం. కంప్యూటరు మాత్రం గడువు పెట్టుకుంటుంది. ఆ గడువు దాటితే ఆ పరికరాన్ని విడిచి ముందుకు సాగుతుంది. ఎన్నో లైనక్స్ కంప్యూటర్లలో, తప్పక ఉండాలని రాసిపెట్టిన డిస్కు కనిపించకపోతే 90 సెకన్లు కాచుకోవడం మామూలు ఏర్పాటు. ఒకటిన్నర నిమిషం ఊరికే కూర్చోవడమన్నమాట! కంప్యూటరు నెమ్మదిగా పని చేయడం వేరు, కాచుకుని కూర్చోవడం వేరు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

డిస్కు లోపల ఏముంది?

1956లో ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి హార్డు డిస్కును తయారు చేసింది. అందులో 24 అంగుళాల వ్యాసం ఉన్న పళ్ళేలు 50 ఉండేవి. ఇంతా చేసి అది దాచగలిగింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాడు చొక్కా జేబులో పట్టే డిస్కు దానికి లక్షల రెట్లు దాచగలదు. కాని లోపలి సూత్రం మారలేదు. అయస్కాంత పూత ఉన్న పళ్ళెం గిరగిర తిరుగుతుంది. దాని మీద చదివే తల అటూ ఇటూ కదులుతుంది. ఆ తలకూ పళ్ళేనికీ మధ్య ఉండే ఖాళీ కొన్ని నానోమీటర్లే. మన తల వెంట్రుక మందంలో అది పదివేలవ వంతు కన్నా తక్కువ.

చిన్న బయటి డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 90 చుట్లు. ఒక చుట్టుకు పట్టే కాలం సుమారు 11 మిల్లీసెకన్లు. ఇది చాలా వేగమే. కాని ఆగి ఉన్న పళ్ళెం ఈ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ కంప్యూటరు అడిగిన ప్రశ్నకు డిస్కు జవాబు చెప్పలేదు. తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి.లకు ఈ ఇబ్బంది లేదు.

విద్యుత్తు లెక్క కూడా చూద్దాం. ఈ డిస్కులు యు.ఎస్.బి. తీగ ద్వారానే కరెంటు తీసుకుంటాయి. యు.ఎస్.బి. పద్ధతి 1996లో వెలువడింది. దాని రూపకల్పనలో భారతదేశంలో పుట్టిన ఇంజనీరు అజయ్ భట్‌ది ముఖ్యపాత్ర. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 పద్ధతి ప్రకారం ఒక రంధ్రం 5 వోల్టుల వద్ద 0.5 ఆంపియర్ ఇవ్వాలి. అంటే 5 × 0.5 = 2.5 వాట్లు. 2008లో వచ్చిన యు.ఎస్.బి. 3.0లో 0.9 ఆంపియర్, అంటే 4.5 వాట్లు. ఆగి ఉన్న పళ్ళేన్ని కదిలించే క్షణంలో చాలా డిస్కులకు సుమారు 1 ఆంపియర్ కావాలి. ఎడ్లబండిని కదిలించేటప్పుడు ఎక్కువ బలం కావాలి, కదిలాక అంత అక్కరలేదు. ఇదీ అంతే. పాత రంధ్రమో, నాసిరకం తీగో అయితే ఆ కరెంటు చాలదు. పళ్ళెం తిరగబోయి ఆగిపోతుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ కంప్యూటరు ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఆలస్యానికి నాలుగు కారణాలు

ఇప్పుడు అనుమానితుల జాబితా రాసుకోవచ్చు.

ఒకటి, బూటు వరుస. అందులో బయటి డిస్కు పేరు ముందుంటే, కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టం కోసం మొదట దాన్నే వెదుకుతుంది. అక్కడ లేదని తేలాకే లోపలి డిస్కు దగ్గరికి వెళుతుంది. ఇది పాత అలవాటే. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు మొదట ఫ్లాపీ డిస్కునే చూసేది. 1986లో లాహోరులో పుట్టిన 'బ్రెయిన్' అనే వైరస్ ఈ అలవాటునే వాడుకుంది. అది ఫ్లాపీ మొదటి భాగంలో దాక్కునేది. మరిచిపోయి ఫ్లాపీని లోపలే ఉంచి కంప్యూటరు మీట నొక్కితే ముందుగా వైరసే నిద్ర లేచేది!

రెండు, కరెంటు చాలకపోవడం లేక తీగ వదులు కావడం.

మూడు, లెక్క తప్పిన ఫైళ్ళ పట్టిక. డిస్కు మీద రాత జరుగుతూ ఉండగా కరెంటు పోయినా, చెప్పకుండా తీగ లాగేసినా పట్టిక సగంలో ఆగిపోతుంది. మరుసటిసారి ఆపరేటింగ్ సిస్టం ఆ డిస్కును మొదటి నుంచి చివరిదాకా సరిచూడడానికి పూనుకోవచ్చు. పెద్ద డిస్కయితే దీనికి చాలాసేపు పడుతుంది.

నాలుగు, డిస్కే జబ్బుపడటం. పళ్ళెం మీద కొన్ని చోట్లు చెడిపోతే, తల అక్కడి సమాచారాన్ని ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చదవబోతుంది. ఒక్కొక్క చోట ఎన్నో సెకన్లు గడిచిపోతాయి. ఈ నాలుగింటిలో ప్రమాదకరమైనది ఇదే.

బయటి డిస్కు ఇబ్బంది పెట్టడం అరుదైన సంగతేమీ కాదు. 2019లో విండోస్ 10 కొత్త కూర్పును విడుదల చేసినప్పుడు, బయటి డిస్కు గాని మెమరీ కార్డు గాని తగిలించి ఉన్న కంప్యూటర్లలో డిస్కుల అక్షరాలు తారుమారు కావచ్చని మైక్రోసాఫ్టు గుర్తించింది. అలాంటి కంప్యూటర్లలో ఆ కూర్పు ఎక్కకుండా కొంతకాలం అడ్డుకట్ట వేసింది. తగిలించినవి తీసేసి మళ్ళీ ప్రయత్నించమని వాడకందారులకు సలహా ఇచ్చింది.

గడియారమే సాక్షి

మళ్ళీ మన పాఠశాలకు వద్దాం. ఆ అమ్మాయి గడియారం తెచ్చింది. మాష్టారు నల్లబల్ల మీద ఒక నియమం రాశారు: "ఒకసారికి ఒక్కటే మార్చాలి." రెండు సంగతులు ఒకేసారి మారిస్తే, ఏది పని చేసిందో తెలియదు కదా!

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉంది. మనం ఆపేశామనుకున్నప్పుడు కూడా కంప్యూటరు తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కు మీద దాచుకుని, మరుసటిసారి దాన్ని వాడుకుంటుంది. 'రీస్టార్ట్' ఇస్తే మాత్రం మొదటి నుంచి లేస్తుంది. అందుకని ప్రతిసారీ రీస్టార్టే ఇచ్చి, తయారీదారు గుర్తు కనిపించిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టారు.

మొదటి పరీక్ష: బయటి డిస్కు తీసేసి. మూడుసార్లకు 34, 36, 35 సెకన్లు. సగటు 35.

రెండో పరీక్ష: డిస్కు తగిలించి. 221, 240, 229 సెకన్లు. సగటు 230.

కంప్యూటరు పాతబడలేదని మొదటి పరీక్షే చెప్పింది. తేడా 195 సెకన్లు. ఈ కాలమంతా బయటి డిస్కు ఖాతాలోదే. మరి ఏ మజిలీలో పోతోంది? గడియారం పట్టుకుని చూస్తే, తయారీదారు గుర్తు దగ్గరే 90 సెకన్లు ఎక్కువగా ఆగుతోంది. మిగిలిన 105 సెకన్లు చుక్కలు తిరిగే దగ్గర పోతున్నాయి.

మూడో పరీక్ష: బూటు వరుస మార్చడం. కంప్యూటరు లేవగానే ఒక ప్రత్యేక మీట నొక్కితే ఈ అమరికలు కనిపిస్తాయి. తయారీని బట్టి అది ఎఫ్ 2, డిలీట్, ఎఫ్ 10 వంటి ఏదో ఒక మీట అవుతుంది. మాష్టారు పాత వరుసను ముందు కాగితం మీద రాసుకుని, తరువాత లోపలి డిస్కును మొదటి స్థానానికి తెచ్చారు. డిస్కు తగిలించే ఉంచి మళ్ళీ లెక్కపెడితే సగటు 140 సెకన్లు వచ్చింది. 90 సెకన్లు తగ్గాయి! మొదటి దొంగ దొరికాడు.

"ఇంకా 105 సెకన్లు మిగిలే ఉన్నాయి సార్" అంది అమ్మాయి. అందరూ నిశ్శబ్దంగా చెవి ఒగ్గారు. చుక్కలు తిరుగుతున్నంతసేపూ డిస్కులోంచి 'టక్, టక్' మని సన్నని చప్పుడు వస్తోంది.

మాష్టారు వెంటనే చెయ్యెత్తి, "పరీక్షలు ఆపండి. ముందు నకలు!" అన్నారు.

ముందు నకలు, తరువాతే మరమ్మతు

ఎందుకలా అన్నారు? ఆ చప్పుడు తల మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందనడానికి గుర్తు. అది తీగ లోపం వల్ల కావచ్చు, డిస్కు జబ్బు వల్ల కావచ్చు. జబ్బే అయితే, ఇంకొక్కసారి తిప్పినప్పుడు ఆ డిస్కు పూర్తిగా నోరు మూసుకోవచ్చు. ఇలాంటి సమయంలో డిస్కును సరిచేసే ప్రోగ్రాములు నడపడం కూడా తప్పు. అవి పళ్ళేన్నంతా తిరగేసి దాన్ని మరింత అలసటకు గురిచేస్తాయి. ఒక్కొక్కసారి చదవలేని ఫైళ్ళను తీసి పారేస్తాయి కూడా.

అందుకని కంప్యూటరు లేచాక, మళ్ళీ దొరకనివాటిని ముందు, మళ్ళీ సంపాదించుకోగలిగినవాటిని తరువాత, ఇంకొక డిస్కులోకి నకలు చేశారు. ప్రదర్శన ఫోటోలు, అభ్యాస పత్రాలు మొదట వచ్చాయి. వీడియోలు సాయంత్రం దాకా పట్టాయి. రెండు వీడియోలు మాత్రం ఎంతకీ రాలేదు. వాటిని వదిలేశారు.

అప్పుడు మిగిలిన పరీక్షలు చేశారు. పొట్టి తీగ ఒకటి తెచ్చి, కంప్యూటరు వెనక ఉన్న రంధ్రంలో నేరుగా తగిలించారు. మార్పు లేదు. డిస్కును పక్క కంప్యూటరుకు తగిలించారు. అదీ ఆలస్యంగానే లేచింది, అదే చప్పుడు! రోగం డిస్కుతో పాటే ప్రయాణం చేసింది. అంటే జబ్బు డిస్కుదే.

ఇప్పుడు ఆలోచించండి. మొదటి రోజే "ఫార్మాటు చేసేద్దాం" అన్న మాట విని ఉంటే ఏమయ్యేది? ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరుకు మందు వేసేవాళ్ళు. జబ్బుపడిన డిస్కు అలాగే ఉండి, పరీక్షల ముందు ఒక ఉదయం చెప్పకుండా ఆగిపోయేది. ఆ నాలుగు నిమిషాల ఆలస్యం నిజానికి డిస్కు పంపిన కబురు. ఆ కబురు విన్నందువల్లనే పాఠాలు దక్కాయి.

మనం పాటించవలసినవి

పని లేనప్పుడు బయటి డిస్కును తగిలించి ఉంచకండి. కంప్యూటరు లేచాక తగిలించండి. తీసేటప్పుడు 'సేఫ్లీ రిమూవ్' అనే ఆజ్ఞ ఇచ్చి, అనుమతి వచ్చాకే తీగ తీయండి. పళ్ళెం తిరుగుతున్న డిస్కును కదపకండి, తట్టకండి. ఎండాకాలంలో కరెంటు తరచుగా పోయే చోట కంప్యూటరుకు యు.పి.ఎస్. ఉండటం మంచిది. బూటు వరుసను పెద్దల ఎదుటే మార్చండి, పాతది రాసుకోవడం మరవకండి. అన్నిటికన్నా ముఖ్యం, విలువైనది ఏదైనా రెండు చోట్ల ఉంచండి. ఒకేచోట ఉన్నది ఉన్నట్టు కాదు.

మీరే చేసి చూడండి

1. మీ పాఠశాల కంప్యూటరు లేవడానికి పట్టే కాలాన్ని మూడుసార్లు కొలిచి సగటు తీయండి. గోడ మీద తేదీతో రాసి పెట్టండి. నెలకొకసారి కొలవండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి లెక్క ఉంటేనే జబ్బు తెలుస్తుంది.

2. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది?

3. పై పాఠశాలలో బూటు వరుస మార్చకుండా, ముందే తీగనూ రంధ్రాన్నీ వరుసనూ ఒకేసారి మార్చి ఉంటే, ఆలస్యం 90 సెకన్లు తగ్గినప్పుడు వాళ్ళు ఏ తప్పు అభిప్రాయానికి వచ్చేవారో ఆలోచించి రాయండి.